డేటు రాని పిల్ల

బాలవ్వ మనవరాలు పుట్టిన సంగతి పెద్దాసుపత్రిలో అందరికీ తెలుసు, ఒక్క ఆసుపత్రికి తప్ప.

నర్సమ్మ చూసింది, డాక్టరమ్మ చూసింది, పక్క బల్ల మీద నొప్పులు పడుతున్న ఆడమనిషి కూడా తన నొప్పులు కాసేపు ఆపుకుని మరీ చూసింది. పిల్ల గుప్పెడంత, ఏడుపు ఇంటెడు. రెండు నెలలు ముందొచ్చిన పిల్ల కాబట్టి అద్దాల పెట్టెలో పెట్టారు. బీడీలు చుట్టుకుని బతికే బాలవ్వ చేటా కత్తెరా ఇంట్లో పడేసి వచ్చి ఆ అద్దానికి ఆనుకుని కూర్చుంది. పిల్ల ఊపిరి తీస్తే తానూ తీసేది, వదిలితే తానూ వదిలేది. పిల్ల మరీ తొందర తొందరగా తీస్తుండడంతో ఒకటి రెండుసార్లు బాలవ్వకే కళ్ళు తిరిగాయి.

నవంబరు సగానికొచ్చేసరికి పిల్లకు బుగ్గలొచ్చాయి. తన తల్లి, బాలవ్వ కూతురు స్రవంతి దగ్గర పాలు తాగడం నేర్చింది. డాక్టరమ్మ తూకం చూసి, ఇక ఇంటికి తీసుకుపొండి, ఒంటికి హత్తుకుని వెచ్చగా ఉంచండి అని చెప్పింది. ఆ మాట పూర్తి కాకముందే బాలవ్వ మూట కట్టేసింది. ఆమెకు గేట్లంటే నమ్మకం లేదు. పెళ్ళయిన కొత్తలో మగడు భీవండి మగ్గాల పనికి పోతూ బస్టాండు గేటు దగ్గర, పున్నమికి వస్తానన్నాడు. ఏ పున్నమికో చెప్పలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు తమ్ముణ్ణి ఇలాంటిదే ఒక ఆసుపత్రి గేటులోంచి లోపలికి తీసుకుపోతూ, నువ్విక్కడే ఉండమన్నారు. ఉంది. చీకటి పడేదాకా ఉంది. అప్పటినుంచి తనవాళ్ళు గేటుకు అటొకరు ఇటొకరు అయ్యే పని ఎక్కడ కనబడినా ఆమె ముందే మూట చంకనెత్తుకునేది.

డిశ్చార్జి కిటికీ దగ్గర సీనియర్ అసిస్టెంటు యాదగిరి ఉన్నాడు. కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి, స్రవంతి పోవచ్చు గానీ పిల్ల పోవడానికి వీల్లేదన్నాడు. ఎందుకంటే పిల్ల ఇంకా లేదు.

"పిల్ల యాడిదవ్వా? నీ బిడ్డ కాన్పు డేటు డిసెంబరు ఆఖరున గద. అప్పటిదాంక పుట్టనట్టే లెక్క."

"మరి గా అద్దాల పెట్టెల ఏడుస్తున్నదెవరు?"

యాదగిరి చెవి పెట్టి విన్నాడు. న్యాయంగా చెప్పాలంటే శ్రద్ధగానే విన్నాడు.

"ఏడిస్తే ఏడ్వనీ," అన్నాడు. "ఏడ్వద్దని ఆర్డరుల లేదు."

ఆ ఆర్డరు పుట్టుక పిల్ల పుట్టుక కన్నా కష్టమైనది. అంతకు రెండు రోజుల ముందే పట్నంనుంచి ఒక చిన్నపిల్లల డాక్టరు వచ్చి ఆసుపత్రిలో ఉపన్యాసం ఇచ్చాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఇంకా కూర్చోలేదని, ఇంకా నవ్వలేదని తల్లులు దిగులుపడొద్దు, ఎదుగుదల విషయంలో ఆ పిల్లల వయసు డెలివరీకి ఇచ్చిన డేటునుంచి లెక్కపెట్టుకోండి అన్నాడు. టీకాలు మాత్రం పుట్టిన రోజు లెక్కనే వేయించండని కూడా అన్నాడు. కానీ అప్పటికి ట్రేలో చాయ్ వచ్చింది. ముందు వరసలో కూర్చున్న జిల్లా ప్రత్యేకాధికారి దామోదరరావు గారికి మొదటి సగమే వినబడింది. ఆయనకు అది చాలు. ఆయన చాలా పనులు సగం వినే చేసి మెప్పు పొందినవారు.

మర్నాటికల్లా ఉత్తర్వు గోడకెక్కింది. "జిల్లాలోని సమస్త వ్యక్తుల వయస్సు ఇకమీదట అంచనా ప్రసవ తేదీ నుండి మాత్రమే గణింపబడును. సదరు తేదీకి పూర్వము కనబడు శిశువులను గర్భస్థులుగా పరిగణించవలెను."

బాలవ్వ బడికి పోలేదు. తంబాకు కట్టిచ్చే కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చింది. ఆ కాగితాలు ఎప్పుడూ సగంలో చిరిగి ఉండేవి కాబట్టి, మొదలూ చివరా లేని మాటల్లోంచి అర్థం లాక్కోవడం ఆమెకు అలవాటే. ఈ ఉత్తర్వు మొదలూ చివరా ఉండి కూడా అర్థం కాలేదు. రెండోసారి చదివింది. అర్థమైంది. అప్పుడు భయమేసింది.

ఆ సాయంత్రమే పిల్లల వార్డు మీది పాత బోర్డు దించి "గర్భస్థ శిశు విభాగము" అని కొత్త బోర్డు కట్టారు. స్రవంతిని బాలింతల వార్డునుంచి తీసి గర్భిణుల వార్డులో వేశారు. ఆమె చేతికి మళ్ళీ రక్తం మాత్రలు, ఎనిమిదో నెల జాగ్రత్తల పుస్తకం ఇచ్చారు. బరువులు ఎత్తొద్దని, వెల్లకిలా పడుకోవద్దని ఒకామె వచ్చి చెప్పిపోయింది. కడుపులో ఉన్న పిల్లను చూసిపోవడానికి చుట్టాలు రావడం లోకంలో ఎక్కడా లేదు కాబట్టి, చూడవచ్చేవాళ్ళందరినీ ఆపేశారు. తల్లిని కూడా ఆపబోతే నర్సమ్మ శాంతకుమారి అడ్డుపడింది. గర్భస్థ శిశువుకు ఆహారం తల్లి ద్వారానే అందాలి కదా సార్, వేరే దారి ఉంటే మీరే రాసివ్వండి అంది. దామోదరరావు గారు చాలాసేపు ఆలోచించి, శాస్త్రసమ్మతమే అన్నారు. అలా పాలు మాత్రం సాగాయి. అమ్మమ్మ ద్వారా ఏదీ అందదు కాబట్టి బాలవ్వ వరండాలోనే ఉండిపోయింది. కనబడకపోయినా ఏడుపు వినబడేది. ఏడుపు ఆగితే లేచి నిలబడేది, మొదలైతే కూర్చునేది.

తర్వాత స్కానింగు వచ్చింది. ఎనిమిదో నెల గర్భిణికి స్కానింగు తప్పనిసరి. స్రవంతి వద్దంటుంటే బల్ల మీద పడుకోబెట్టి చూశారు. చూసినాయన ముఖం తెల్లబడింది. పైకి కిందికి, ఆ పక్కకు ఈ పక్కకు తిప్పి చూసి, "శిశువు కనిపించుట లేదు" అని రాసిచ్చాడు. గంటలో ఆసుపత్రి గేట్లన్నీ మూశారు. కాపలావాళ్ళు మంచాల కింద వెతికారు. పోలీసాయన వచ్చి, చివరిసారి కడుపులో ఎప్పుడు చూసినవమ్మా అని స్రవంతిని అడిగాడు. స్రవంతి ఏడవాలో నవ్వాలో తెలియక ఎక్కిళ్ళు పెట్టింది. చివరికి శాంతకుమారి పిల్లను ఎత్తుకొచ్చి చూపిస్తే ఆయన ఊపిరి పీల్చుకుని రాసుకున్నాడు. శిశువు ఆచూకీ దొరికింది, తల్లికి రెండు వార్డుల దూరంలో క్షేమంగా గర్భస్థంగా ఉన్నది.

ముందొచ్చినవాళ్ళ గతి ఇదైతే, ఆలస్యంగా వచ్చినవాళ్ళది మరోటి. డేటు దాటి పది రోజులకు పుట్టిన మగపిల్లాడికి, పుట్టిన గంటకే నోటీసు అందింది. ఈ పది రోజులు ఎక్కడుండినదీ, పుట్టగానే వేసుకోవలసిన టీకాకు ఎందుకు హాజరు కానిదీ సంజాయిషీ ఇవ్వాలని. వాడు నోటీసు మీద ఉచ్చ పోశాడు. అది సంతృప్తికరమైన సంజాయిషీ కాదని తేల్చారు.

ఇంతవరకు కథ పిల్లలతోనే అయిపోయేది. యాదగిరి ఆ ఉత్తర్వును ఇంకోసారి చదవకపోతే.

యాదగిరికి నెలాఖరున రిటైర్మెంటు. కిటికీలో కూర్చుని, తోచక, గోడమీది కాగితం చదువుతుంటే "సమస్త వ్యక్తుల" అన్న మాట దగ్గర ఆయన కళ్ళు నిలబడిపోయాయి. మర్నాడు తొంభై దగ్గరపడిన తన తల్లిని ఆటోలో తెచ్చి ప్రత్యేకాధికారి ముందు నిలబెట్టాడు. కొడుకు ఏడో నెలలో పుట్టాడని, బియ్యం చేటలో పత్తి పరిచి పెంచామని ఆమె చెప్పింది. కాబట్టి యాదగిరి అసలు పుట్టుక రెండు నెలల తర్వాతిది. రిటైర్మెంటు జనవరి ఆఖరుకు. దామోదరరావు గారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, "నియమము శిశువునకు, ఉద్యోగికి సమానము," అని సంతకం చేశారు.

ఆ వార్తకు నోరూ కాళ్ళూ రెండూ ఉన్నాయి. వారం తిరక్కుండా ఆసుపత్రిలోనే కాదు, చుట్టుపక్కల కార్యాలయాల్లో కూడా నెలలు నిండి పుట్టిన ఉద్యోగి ఒక్కడు మిగల్లేదు. జిల్లాలో ఒకప్పుడు తల్లులందరూ ఏడో నెలలోనే కనేవారన్నట్టు తేలింది. వరండా నిండా ముసలి తల్లులు. కొందరిని కుర్చీల్లో మోసుకొచ్చారు. తల్లి లేనివాళ్ళు మేనత్తను తెచ్చారు, మేనత్త లేనివాళ్ళు పక్కింటామెను. ఆరడుగుల డ్రైవరొకడు తాను ఐదో నెలలోనే పుట్టానన్నాడు. అటెండరు మూడో నెల అన్నాడు. వాడి తల్లి, ఇంకొంచెం వెనక్కి పోతే మీ నాయినతోని నా లగ్గమే కాలేదురా అని చెవి మెలేసింది.

ఆ ముసలమ్మల మధ్య బాలవ్వ కూర్చుని అందరి మాటలు వింది. కొడుకులు వాళ్ళతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో, ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మా నేను పుట్టినప్పుడు ఎట్లుంటినే అని అడుగుతున్నారు. ఒకామె అబద్ధం చెప్పడానికి వచ్చి, నిజం గుర్తొచ్చి ఏడ్చేసింది. బాలవ్వ ఆమెకు నీళ్ళిచ్చింది. కానీ చెవి మాత్రం వార్డు తలుపు మీదే ఉంచింది.

అప్పుడే కొత్త పిడుగు పడింది. పట్నంలో ఆరోగ్య ప్రదర్శన జరుగుతోంది. పుట్టకముందే పాలు తాగే, కాళ్ళాడించే, పిలిస్తే తల తిప్పే శిశువులున్న జిల్లా మరొకటి లేదు కాబట్టి, మచ్చుకు ఒక గర్భస్థ శిశువును ఆ ప్రదర్శనకు పంపాలని దామోదరరావు గారు నిర్ణయించారు. అందరికన్నా గట్టిగా ఏడ్చే పిల్ల ఎంపికైంది. అది బాలవ్వ మనవరాలు. శుక్రవారం ఆసుపత్రిలో 'వయో సత్య దినోత్సవం' అనే సభ, సభ ముగియగానే అంబులెన్సు ప్రయాణం.

బాలవ్వ ఆయన గదిలోకి అడగకుండానే పోయి నిలబడింది. కనీసం తల్లినైనా వెంట పంపండి సారూ అని చేతులు జోడించింది. దామోదరరావు గారు ఆమెను కూర్చోమన్నారు. ఆయన కటికవాడు కాదు. ప్రతిదానికీ కారణం చెప్పే మనిషి.

"చూడమ్మా. శిశువు వెంట సహాయకురాలు పోవచ్చును. కానీ సహాయకురాలు గర్భిణి అయి ఉండరాదు. నీ కుమార్తె నిండు గర్భిణి. ఎనిమిదవ నెలలో దూర ప్రయాణము ఆమెకు క్షేమము కాదు. ఆమె కడుపులోని బిడ్డకు ఏమైనా అయినచో ఎవరు బాధ్యులు?"

"ఆ కడుపుల బిడ్డనే గద సారూ మీరు తీస్కపోయేది."

"అందుకే జాగ్రత్త అవసరమంటున్నాను," అన్నారాయన.

"ఎప్పుడు తిరిగొస్తది?"

"ప్రదర్శన ముగియగానే."

ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేదు. అలాంటి మాట బాలవ్వ ఇంతకుముందు బస్టాండులో విన్నది. అల్లుడు ఎక్కడో వరికోత మిషను మీద ఉన్నాడు, ఫోను చేస్తే మిషను మోతలో సగమే వినబడి, మంచిదేనత్తా పిల్ల పట్నం జూస్తది అన్నాడు.

శుక్రవారం సభకు షామియానా వేశారు. ముసలి తల్లులందరికీ ముందు వరసలో కుర్చీలు. అంబులెన్సు ఇంజను ఆన్ చేసుకుని గేటు దగ్గర నిలబడింది. పిల్లను ప్రయాణానికి సిద్ధం చేస్తామంటూ స్రవంతి ఒళ్ళోంచి తీస్తుంటే ఆమె అరవలేదు, బతిమాలలేదు. పిల్ల కాలి వేలు ఒకటి పట్టుకుని వదల్లేకపోయింది. అది చూసి శాంతకుమారి, సభ అయ్యాకే గదా ప్రయాణం కాగితం మీద సంతకం, అప్పటిదాకా తల్లి దగ్గరే ఉంచండి అని పిల్లను మళ్ళీ ఒళ్ళో పెట్టింది.

వేదిక మీద దామోదరరావు గారు తమ తల్లి అనసూయమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తెల్లని చీర, చేతికర్ర, కొంచెం చెముడు. ఆయన ఉత్తర్వు గొప్పదనం వివరించి, చివరికి గొంతు తగ్గించి, తాను కూడా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయవలసిన వాడినేనని, కానీ సత్యం ఎవరినీ వదలదని అన్నారు. తానూ ఏడో నెల శిశువునేనని, ఈ సంగతి కన్నతల్లి నోటనే వినండని మైకు ఆమె ముందు పెట్టారు. ఇంట్లో వారం రోజులనుంచి ఆమెకు ఈ మాట నేర్పిస్తున్నారని ఆయన డ్రైవరు అప్పటికే అందరికీ చెప్పి ఉన్నాడు.

అనసూయమ్మ మైకును చూసింది, ఎదురుగా కూర్చున్న ముసలమ్మలను చూసింది. పొద్దున్నుంచీ వాళ్ళు తమ కొడుకులు ఎలుకపిల్లంత ఉండిరి, ఊపిరి నిలబడుతుందనుకోలేదు అని చెప్పుకుంటుంటే విన్నది. ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అది గర్వం.

"ఏడో నెలేందిరా?" అంది కొడుకువైపు తిరిగి. "గా ఎలుకపిల్లలల్ల నిన్ను కలుపుతవా? మంత్రసాని దసరాకు పుడతవన్నది. దసరా పాయె. దీపావళి పాయె. నువ్వు కదల్లేదు. నవంబరు పడ్డంక, ఊరంత వచ్చి నా కడుపు జూసి పోయినంక, అప్పుడు పుట్టినవు. పుట్టంగనే ఆర్నెల్ల పిలగాని లెక్క ఉంటివి. పండ్లొక్కటే తక్కువ."

ముందు వరసలోని తల్లులు చప్పట్లు కొట్టారు. దామోదరరావు గారు మైకును చేత్తో మూయబోయారు. కానీ యాదగిరి లేచి నిలబడ్డాడు. ఆయన చేతివేళ్ళ మీద ఏదో లెక్క నడుస్తోంది.

దసరా అంటే అక్టోబరు. కాబట్టి ఉత్తర్వు ప్రకారం సారు పుట్టింది అక్టోబరులో. కాబట్టి సారు రిటైర్ కావలసింది అక్టోబరు ఆఖరున. అయిపోయారు. ఉత్తర్వు మీద సంతకం చేసింది నవంబరులో. అంటే రిటైరైన మనిషి చేసిన సంతకం, చెల్లదు. ఉత్తర్వు చెల్లకపోతే సారు రిటైర్ కాలేదు. రిటైర్ కాకపోతే సంతకం చెల్లుతుంది. సంతకం చెల్లితే సారు రిటైరయ్యారు.

యాదగిరి ఇదంతా వినయంగానే చెప్పాడు. చెప్పి, తన మాటకు తానే భయపడి కూర్చున్నాడు.

షామియానా కింద తేనెతుట్టె కదిలినంత రొద. తమ రెండేసి నెలలు పోతాయని ఉద్యోగులు ఒక పక్క, ఉత్తర్వు చెల్లుతుందంటే వేదిక మీదున్నది ఎవరని మరో పక్క. రాజధానికి ఫోను చేస్తే, తేలేదాకా దామోదరరావు గారిని ఉన్నవారుగానూ లేనివారుగానూ భావించవలసిందని జవాబొచ్చింది. ఆయన కుర్చీలో సగం లేచి, సగం కూర్చుని, అలాగే ఉండిపోయారు. అంబులెన్సు డ్రైవరు సంతకం కోసం కాగితం పట్టుకుని వేదిక చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరూ కలం ముట్టకపోవడంతో ఇంజను ఆపేసి అన్నం తినడానికి పోయాడు.

బాలవ్వ వార్డులోకి నడిచింది. తలుపు దగ్గర ఆపేవాళ్ళు లేరు. వాళ్ళూ షామియానాలో తమ తల్లుల పక్కనున్నారు. శాంతకుమారి ఆమెను చూసి లేచి వచ్చింది. పిల్లను స్రవంతి గుండెకు ఆనించి, మెత్తటి గుడ్డతో ఒంటికి చుట్టి ముడివేసి, పైన శాలువా కప్పింది. వెచ్చగా ఉంటుంది, ఎవరూ తీయొద్దు అంది. దూరంనుంచి చూస్తే స్రవంతి నిండు చూలాలిలా ఉంది. దగ్గరనుంచి చూసినా కాగితాలన్నీ ఆ మాటే చెబుతున్నాయి.

గేటు దగ్గర కాపలావాడు సాయిలు స్టూలు మీదున్నాడు. చీటీ లేకుండా చంటిపిల్లను బయటికి పోనీయొద్దని అతనికి చెప్పారు. గర్భిణులు చల్లగాలికి బయట నడవొచ్చని కూడా చెప్పారు. అతను స్రవంతిని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎన్నో నెల?"

"ఎనిమిది," అంది బాలవ్వ.

"డేటెప్పుడు?"

"డిసెంబరు ఆఖరు."

సరిగ్గా అప్పుడు శాలువా ఏడ్చింది. మామూలుగా కాదు. ప్రదర్శనకు ఎంపిక చేసిన ఏడుపు అది. బాలవ్వ శాలువా మీద చెయ్యి వేసింది. సాయిలు శాలువావైపు చూశాడు, షామియానావైపు చూశాడు, అక్కడ మైకులో అనసూయమ్మ కొడుకు మొదటి జ్వరం సంగతి చెబుతోంది. తర్వాత అతను స్టూలు పక్కకు జరిపాడు.

"కడుపుల పిల్ల మస్తు గట్టిగున్నదవ్వా," అన్నాడు. "చలిగాలి తాకనియ్యకుండ్రి."

స్రవంతిని ముందు నడవమంది బాలవ్వ. తాను వెనక నడిచింది. ఇద్దరిలో ఒకరు లోపల మిగిలిపోవలసి వస్తే అది తానే కావాలని. కానీ ఎవరూ కొంగు పట్టి లాగలేదు. రోడ్డు మీద ఆటోల హారన్లు, బజ్జీల నూనె వాసన, ఎండ. పిల్లకు అవన్నీ కొత్త కాబట్టి ఏడుపు ఆపి వింటున్నది.

"అవ్వా," వెనకనుంచి సాయిలు పిలిచాడు. బాలవ్వ ఆగింది గానీ తిరగలేదు. "పుట్టినంక మాకు మిఠాయి మర్వకుండ్రి."

"డేటు రానియ్యి బిడ్డా," అంది బాలవ్వ. "తెస్త."